పశువుల శాల పక్క మడికే గెత్తం (పేడ ఎరువు) అంతా పోయకండి

పర్లాకిమిడి దగ్గర మాకు 1 ఎకరా 80 సెంట్ల నేపియర్ గడ్డి, ఆరు జెర్సీ క్రాస్ ఆవులు. శాల పక్కన 40 సెంట్ల మడి, దాని వెనక 60, గెడ్డ (వాగు) అవతల 80. నాలుగేళ్లపాటు పేడ, శాల కడిగిన నీళ్లు అన్నీ పక్క మడికే పోయాయి. దూరం మోసే ఓపిక ఎవరికుంది? ఆ మడి గడ్డి నల్లగా, మెడదాకా పెరిగి పడిపోయేది. గెడ్డ అవతలిది పసుపు తిరిగేది.

ఒక జూన్‌లో ఎండలు మండి వాన పడ్డాక, మూడో రోజునే పక్క మడి కోసి వేశాను. సాయంత్రానికి చూడి ఆవు రొప్పడం మొదలుపెట్టింది. డాక్టరుగారు తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంది. పేడలోని నత్రజని గడ్డిలో నైట్రేట్‌గా చేరి ఎక్కువైందన్నారు. ఇంజెక్షన్ పడ్డాక నిలబడింది గానీ ఆ రాత్రి టెన్షన్ నాకు తెలుసు. ఎండకు వాడిన గడ్డి వాన పడగానే కోయకండి, వారం ఆగండి. కాడ మొదలు దగ్గరే నైట్రేట్ ఎక్కువ కాబట్టి జానెడు ఎత్తు వదిలి కోయండి. ఎండబెడితే పోతుందనుకోకండి, పోదు.

ఒడియాలో గెత్తాన్ని ఖత అంటారు. ఇప్పుడు మా ఖతకు ఖాతా ఉంది, గోడ మీద బొగ్గుతో.

తూకం సులువే. మాగిన గెత్తం ఒక తట్ట నింపి కాటా వేయండి. మా తట్టకు 20 కిలోలు. నేపియర్‌కు ఎకరాకు 10 టన్నులు వేయాలంటే సెంటుకు 100 కిలోలు, అంటే 5 తట్టలు. మా ఆవులకు ఏడాదికి మాగినది 12 టన్నులు మించదు. అందులో 8 గెడ్డ అవతలికి, 4 మధ్య మడికి. పక్క మడికి ఒక్క తట్ట కూడా లేదు, కడుగు నీళ్లు చాలు. టన్ను గెత్తంలో నత్రజని సుమారు 5 కిలోలే, అదీ మెల్లగా దిగుతుంది. అందుకే దూరపు మడులకు కోత తర్వాత కొంచెం యూరియా తప్పదు.

గెత్తం మే చివర్లో సాళ్ల మధ్య చల్లి, ఆ రోజే గునపంతోనో పారతోనో మట్టిలో కలపాలి. ఎండలో పడి ఉంటే ముక్కు మండే వాసన వస్తుంది చూడండి, ఆ పోయేది నత్రజనే. మావాళ్లు "రేపు కలుపుదాంలే" అంటారు. ఆ రోజు కలిపే మనుషులు లేకపోతే బండే కట్టనివ్వను.

కడుగు నీళ్లు కోత మర్నాడు, మొదళ్లకు, మూడింతల నీళ్లు కలిపి పోస్తాం. ఆకు మీద పడితే ఆవు మూతి పెట్టదు. మళ్లీ కోతకు 45 రోజులు కాబట్టి వాసన పోతుంది. మబ్బు కమ్మితే ఆపేస్తాం, లేదంటే అంతా గెడ్డపాలే. గెడ్డ గట్టున, బావి చుట్టూ కొంత మేర ఏమీ వేయం. పచ్చి పేడ పడిన మడి గడ్డి దూడలకు వేయం, కడుపులో పెరిగే ఏలికపాముల గుడ్లుంటాయి.

ఈ ఏడు పక్క మడి గడ్డి పడిపోలేదు. గెడ్డ అవతల మోత మాత్రం ఇప్పటికీ నడుం విరిచేస్తోంది.