లండన్‌లో కత్తి సంచిలో వేసుకునే ముందు

కత్తి దొరికితే లండన్ పోలీసులు రెండు సంగతులు చూస్తారు. అది ఎలాంటి కత్తి? ఈ వేళప్పుడు, ఈ చోట, మీ దగ్గర ఎందుకుంది? చాలామంది మొదటి ప్రశ్నతోనే ఆగిపోతారు. చిక్కంతా రెండోదాని దగ్గరే వస్తుంది.

1988 నాటి క్రిమినల్ జస్టిస్ యాక్ట్ 139వ సెక్షన్ ప్రకారం, బ్లేడు గానీ వాడి మొన గానీ ఉన్న వస్తువును సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో వెంట ఉంచుకోవడమే నేరం. గరిష్ఠ శిక్ష 4 ఏళ్ల జైలు. దాన్ని ఎవరికీ చూపించనక్కర్లేదు, సంచి అడుగున పడి ఉన్నా చాలు. బస్సు, ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు), పార్కు, రోడ్డు మీదున్న మీ సొంత కారు, అన్నీ బహిరంగ స్థలం కిందికే వస్తాయి. వెన్న రాసుకునే మొండి కత్తి కూడా బ్లేడున్న వస్తువేనని 2005లో అక్కడి హైకోర్టు తేల్చింది. కాబట్టి ‘అసలు పదునే లేదండీ’ అన్న మాట పనిచేయదు.

కారణం చెప్పనక్కర్లేకుండా జేబులో ఉంచుకోగలిగింది ఒక్కటే: 3 అంగుళాలు (7.62 సెం.మీ.) మించని మడత చాకు, అదీ లాక్ పడనిది. కొనే ముందు ఇలా చూసుకోండి. బ్లేడు పూర్తిగా తెరిచి, పదునున్న అంచును ఈ కొస నుంచి ఆ కొస వరకు స్కేలుతో కొలవండి. పిడి పొడవు లెక్కలోకి రాదు. తర్వాత వేళ్లు దారిలో లేకుండా పిడి పట్టుకుని, బ్లేడు వెన్నును చెక్కబల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కండి. ఏ బటనూ, ఏ మీటా తాకకుండా దానంతటదే ముడుచుకుంటే సరే. బిగుసుకుని నిలబడి, పిడిలోని రేకును పక్కకు నెడితే తప్ప మడవకపోతే అది లాక్ నైఫ్. బ్లేడు 2 అంగుళాలే ఉన్నా దానికి మినహాయింపు లేదు. స్విస్ చాకుల కంపెనీ విక్టోరినాక్స్‌లో 91 మి.మీ. పిడి ఉన్నవాటి బ్లేడుకు లాక్ ఉండదు, 111 మి.మీ. వాటికి సాధారణంగా ఉంటుంది. రెండూ ఎర్రగా ఒకేలా కనిపిస్తాయి, అక్కడే జనం పొరపడతారు. చాకు, పటకారు, స్క్రూడ్రైవర్ ఒకే పిడిలో ఉండే మల్టీటూల్స్‌లో చాలావాటి బ్లేడుకు లాక్ ఉంటుంది. గోదాముల్లో పెట్టెలు కోసే కట్టర్ కూడా మినహాయింపులోకి రాదు, షిఫ్టు అయ్యాక దాన్ని లాకర్లోనే వదిలేసి రండి.

ఇంకో మెలిక ఉంది. చిన్న చాకైనా సరే, దాన్ని ఆయుధంగా వాడే ఉద్దేశం కనిపిస్తే 1953 నాటి వేరే చట్టం వర్తిస్తుంది. ‘ఆత్మరక్షణ కోసం పెట్టుకున్నా’ అనడం అన్నిటికంటే చెడ్డ జవాబు. తప్పించుకుందామని చెప్పిన ఆ మాటతోనే ఉద్దేశం ఒప్పుకున్నట్టవుతుంది. ‘సంచిలో ఉందని మర్చిపోయా’ అన్నంత మాత్రాన కూడా చాలదు.

ఉద్యోగం, మతాచారం, జాతీయ వేషధారణ అనే మూడు కారణాలను చట్టమే పేర్కొంది. సిక్కుల కిర్పాణ్ మతాచారం కిందికి వస్తుంది. కొత్తగా కొన్న కత్తిని ఇంటికి తెచ్చుకోవడం, ఇల్లు మారడం లాంటివీ సరైన కారణాలు కావచ్చు. అయితే అది నిజమని నిరూపించాల్సిన భారం మీదే. ఆ కారణం ఆ క్షణానికి అతకాలి కూడా. వంటమనిషి కత్తుల చుట్టతో రెస్టారెంటుకు వెళ్తుంటే సమస్య లేదు. అదే చుట్టతో సెలవు రోజున రాత్రి స్నేహితులతో తిరుగుతుంటే, ఉద్యోగం పేరు అక్కరకు రాదు.

వంటకత్తి కొంటే ప్యాకింగ్ విప్పకండి, రసీదు అందులోనే ఉంచి నేరుగా ఇంటికి రండి. 18 ఏళ్లలోపు వారికి అమ్మడం నేరం, అందుకే దుకాణంలో వయసు రుజువు అడుగుతారు. ఊరినుంచి కత్తిపీట తెచ్చుకుంటుంటే చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. బ్లేడు మీద మందపాటి అట్ట చుట్టి, టేపు వేసి, గుడ్డలో కట్టి, తాళం వేసిన పెట్టె అడుగున పెట్టండి. విమానాశ్రయం నుంచి ఇంటిదాకా ఆ పెట్టె తెరవకండి. సగం దారిలో దాన్ని చేతిసంచిలోకి మార్చారంటే, తీయడానికి సిద్ధంగా పెట్టుకున్నట్టు కనిపిస్తుంది.

కొన్నిటికి మామూలుగా ఏ కారణమూ చెల్లదు. బటన్ నొక్కితే తెరుచుకునే ఫ్లిక్ నైఫ్, రెండు పిడుల సీతాకోకచిలుక కత్తి, బెల్టు బకిల్‌లో దాచినవి లాంటివి 2021 జూలై 14 నుంచి ఇంట్లో ఉంచుకున్నా నేరమే. జాంబీ తరహా కత్తులు (రంపపు పళ్లు, ముళ్లు లాంటివున్న పొడవాటి కత్తులు), అదే తరహా మచ్చెట్లు (కొమ్మలు నరికే పెద్ద కత్తులు) 2024 సెప్టెంబర్ 24న ఆ జాబితాలో చేరాయి. అలంకారానికి గోడకు తగిలించామన్నా వినరు.

పోలీసులు ఆపితే చేతులు కనిపించేలా ఉంచండి. సంచిలో చాకు ఉంటే ముందు నోటితో చెప్పండి, మీరు చెయ్యి పెట్టి తీయబోకండి. మామూలుగా వెతకాలంటే వాళ్లకు సహేతుకమైన అనుమానం ఉండాలి. 1994 నాటి వేరే చట్టంలోని 60వ సెక్షన్ కింద ఆ ప్రాంతానికి ఉత్తర్వు అమల్లో ఉంటే మాత్రం అదీ అక్కర్లేదు. అధికారి పేరు, స్టేషను, ఎందుకు, దేనికోసం వెతుకుతున్నారు అని అడగవచ్చు. సోదా రికార్డు నకలు 3 నెలల్లోపు తీసుకోవచ్చు. అరెస్టు దాకా వెళ్తే స్టేషన్లో లాయర్ ఉచితం. ఆ లాయర్ వచ్చేదాకా కారణాలేవీ చెప్పకండి. పోలీసు కాషన్ (నేరం ఒప్పుకుంటే కోర్టుకు పంపకుండా ఇచ్చే అధికారిక హెచ్చరిక) అయినా తర్వాతి వీసా దరఖాస్తులో రాయాల్సిందే, అందుకే ‘చిన్నదే కదా, ఒప్పేసుకుంటే పోతుంది’ అని సంతకం పెట్టేముందు లాయర్ని అడగండి.