స్పానిష్ ‘గుస్తార్’: అనంతపురం బ్యాచ్‌లో పనిచేసిన పద్ధతి

‘గుస్తార్’ అంటే స్పానిష్‌లో ‘నచ్చడం’. నేను స్పానిష్ నేర్పే బ్యాచ్‌లో ‘నాకు కాఫీ ఇష్టం’ అనమంటే అందరూ ‘యో’ (నేను) పెట్టి ‘యో గుస్తో కఫే’ అని తప్పుగా అంటారు; అనాల్సింది ‘మె గుస్తా ఎల్ కఫే’. పట్టికలు బట్టీ, యాప్ డ్రిల్లులు, ఇంగ్లీషు వివరణ: ఏదీ నిలవలేదు. తప్పంతా ఇంగ్లీషు ‘ఐ లైక్’ మీదుగా వెళ్లడంలోనే ఉంది.

ముందు వాక్యాన్ని ‘నచ్చు’తో తెలుగులో చెప్పించాను: ‘నాకు చెనక్కాయలు నచ్చుతాయి’. తర్వాత ‘నాకు’ తీసేసి ‘మె’ పెట్టాలి (నీకు ‘తె’, ఆమెకు, అతనికి ‘లె’). నచ్చేది ఒకటైతే ‘గుస్తా’, ఎక్కువైతే ‘గుస్తాన్’. మన ‘నచ్చుతుంది, నచ్చుతాయి’ లాగే. చివర్లో నచ్చే వస్తువు, ముందు ‘ఎల్, లా, లోస్, లాస్’లలో (ఇంగ్లీషు ‘ద’ లాంటివి) తగినదానితో: ‘మె గుస్తాన్ లోస్ కకవేతెస్’. ఈ ‘లోస్’ లాంటి చిన్న ముక్కనే ఎక్కువమంది మింగేస్తారు.

మనిషి పేరో వరసో వస్తే ముందు ‘ఆ’ చేర్చాలి, అయినా ‘లె’ పోకూడదు: ‘ఆ లా అబుఏలా లె గుస్తా ఎల్ కఫే’, అవ్వకు కాఫీ నచ్చుతుంది. పని నచ్చితే, ‘చదవడం’ లాంటిది, ఎప్పుడూ ‘గుస్తా’నే: ‘మె గుస్తా లెఏర్’. ఇక్కడ ‘ఎల్’ అక్కర్లేదు.

నొప్పికీ (‘మె దుఏలె లా కబేసా’, నాకు తల నొప్పిగా ఉంది) ఇదే దారి. ప్రతి ‘నాకు’కీ మాత్రం కాదు: ‘నాకు ఆకలి’ అంటే ‘తేంగో ఆంబ్రె’, ‘నాకు తెలుసు’ అంటే ‘లో సే’. ఇంగ్లీషు మీడియంలోనే ఆలోచించే పిల్లలకు ఇది ఎంతవరకు పనికొస్తుందో అనుమానమే.