పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఇంట్లోనే ప్రింట్ చేసి కత్తిరించడం ఎలా?

రేపే ఆఖరు తేదీ. అల్మరా అంతా వెతికినా ఒక్క ఫొటో దొరకలేదు, వీధి చివర స్టూడియో మూసేశారు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్, నాలుగు గ్లాసీ ఫొటో పేపర్లు ఉంటే ఈ టెన్షన్ ఉండదు. ప్రింట్ తీయడం తేలికే, సైజు దగ్గరే దెబ్బతింటాం.

1. ఫొటో తీయడం: మనిషిని తెల్లగోడకు రెండడుగులు ముందు నిలబెట్టి, పగటి వెలుతురులో తీయండి. గోడకు ఆనుకుంటే వెనక నీడ పడుతుంది. కంప్యూటర్‌కి వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపండి, మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది.

2. పేజీ తయారీ: మన దగ్గర ఎక్కువగా అడిగే కొలత 35 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. ఎత్తు. మీ ఫారంలో వేరేగా ఉంటే అదే పాటించండి. ఫొటోను 7:9 నిష్పత్తిలో క్రాప్ చేసుకోండి. వర్డ్‌లో పేజీని 15.2 × 10.2 సెం.మీ.గా, అడ్డంగా పెట్టి, ఫొటోను 3.5 × 4.5 సెం.మీ. చేసి కాపీలు పేర్చండి. 4×6 అంగుళాల షీటులో 8 పడతాయి కానీ మొదటిసారి 6 చాలు, కత్తెరకి చోటుంటుంది. ఒక్కో ఫొటో చుట్టూ సన్నని బూడిదరంగు గీత పెట్టండి. తెల్ల గోడ, తెల్ల కాగితం కలిసిపోతే అంచు ఎక్కడో తెలియదు మరి.

3. ప్రింట్: సెట్టింగ్స్‌లో పేపర్ సైజు 4×6, పేపర్ రకం ఫొటో గ్లాసీ, స్కేల్ 100 శాతం. ‘ఫిట్ టు పేజ్’, ‘బోర్డర్‌లెస్’ రెండూ వద్దు. మొదటిది సైజు మార్చేస్తుంది, రెండోది కాస్త పెద్దది చేస్తుంది. ఇది తెలియక నేను మూడు షీట్లు పాడుచేశాను. అందుకే ముందు అదే సైజుకి కత్తిరించిన మామూలు కాగితం మీద తీసి, స్కేలుతో కొలవండి. ఆ కాగితం మీద పెన్సిల్‌తో ఒక ఇంటూ గుర్తు వేసి పెడితే, ప్రింటర్ ఏ వైపు అచ్చేస్తుందో కూడా తెలిసిపోతుంది. మెరిసే వైపు దానికి తగ్గట్టు పెట్టాలి.

4. కత్తిరించడం: కనీసం గంటసేపు ఆరనివ్వండి, ఒకదాని మీద ఒకటి పెట్టకండి. కత్తెర కన్నా కట్టర్, స్టీలు స్కేలు మేలు. కింద మందపాటి అట్ట వేసి, స్కేలును ఫొటో మీద ఉంచండి. అప్పుడు బ్లేడు జారినా తెగేది పక్కనున్న తెల్ల కాగితమే, ముఖం కాదు. గట్టిగా ఒకేసారి లాగకుండా రెండు మూడుసార్లు తేలిగ్గా గీయండి. ముందు అడ్డంగా పొడవాటి పట్టీలు, తర్వాత నిలువుగా విడి ఫొటోలు. స్కేలు పట్టుకున్న వేళ్లు అంచు దాటి రాకూడదు.

వెనక పేరు రాయాలంటే పెన్సిల్ వాడండి. బాల్‌పెన్ నొక్కి రాస్తే ఆ అక్షరాలు ముందున్న ముఖం మీదకి ఉబ్బుతాయి.