చెక్క నేల మీద బకెట్టు నీళ్లు పోయకండి

రెండు వారాల కిందట ఆదివారం పొద్దున, అమలాపురం దగ్గర మా ఊళ్లో పిన్ని వాళ్ల అరుగు మీద కూర్చుని ఉండగా అమెరికా నుంచి వాళ్ల అమ్మాయి వీడియో ఫోను చేసింది. వెళ్లి నెల కూడా కాలేదు. అద్దెకు తీసుకున్న ఇల్లు చూపిస్తానంటూ ఫోను నేల వైపు తిప్పింది. తేనెరంగు చెక్క నేల, దాని మీద దీపం వెలుగు తేలేంత నీళ్లు, గుమ్మం పక్కన ఖాళీ బకెట్టు. "వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా అన్నయ్యా, ఇల్లంతా కడిగేశాను" అంది. పిన్ని మురిసిపోయింది. నేను ఫోను లాక్కుని గట్టిగా అరిచాను. "ముందు ఆ నీళ్లు తుడు. తువ్వాళ్లు, దుప్పట్లు, ఏవి ఉంటే అవి వెయ్యి. మాటలు తరవాత."

పిన్ని నొచ్చుకుంది. కానీ ఆ నీళ్లు చూశాక నాకు మరో మాట రాలేదు. నేను అమెరికా వెళ్లిన మొదటి జనవరిలో, భోగి నాడు, ఇల్లు కడగకపోతే ఎలా అనుకుని రెండు బకెట్ల నీళ్లలో ఫినాయిల్ కలిపి గదులన్నీ కడిగాను. పైన గంటలో ఆరిపోయింది. మూడో రోజు రాత్రి మంచినీళ్ల కోసం చీకట్లో నడుస్తుంటే అరికాళ్లకు గీతలు గీతలుగా తగిలింది. దీపం వేసి కూర్చుని చూశాను. ప్రతి పలకా రెండు అంచులూ లేచి, మధ్యలో దొప్పలా పల్లమైంది. సందు మీద బొటనవేలితో నొక్కితే సన్నగా తడి ఊరింది. ఇల్లు ఖాళీ చేసిన నాడు అడ్వాన్సులో సగానికి పైగా పట్టుకున్నారు. అంతకంటే, ఎవరు తలుపు తట్టినా గుండె జారిపోతూ గడిపిన ఆ నెలలు నాకు ఇప్పటికీ గుర్తు.

మనవాళ్లకు ఇది ఎందుకు తోచదో నాకు తెలుసు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువ నీళ్ల పక్కన బతికిన ఊళ్లు మనవి. శుభ్రమంటే మనకు నీళ్లే. ఎర్ర గచ్చయినా, నాపరాళ్లయినా, టైల్సయినా నీళ్లు కొట్టి కొబ్బరి ఈనెల చీపురుతో తూము దాకా తోసేస్తాం. అక్కడి గదుల్లో తూములు ఉండవు. పోసిన నీళ్లకు ఉన్న దారి పలకల సందులే.

కర్ర సంగతి తెలియని వాళ్లమా అంటే అదీ కాదు. వానాకాలంలో వీధి తలుపు బిగుసుకుపోతే భుజంతో నెట్టలేదా? ఎండాకాలంలో బండి చక్రానికి ఇనుప పట్టా వదులైతే తాతలు చక్రాన్ని కాలువలో నానబెట్టేవారు. కర్ర నీళ్లు తాగి ఉబ్బి పట్టాను పట్టేసేది. మీ కాళ్ల కింద ఉన్నదీ ఆ కర్రే. పైన పాలియురేథేన్ అనే వార్నిష్ లాంటి పూత ఉంటుంది, నిజమే. అది పైముఖాన్ని కాపాడుతుంది, సందులను కాదు. దిగిన తడికి పలక అడుగు ఉబ్బుతుంది, పైభాగం అంతగా ఉబ్బదు, అంచులు లేస్తాయి. ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తెలుస్తుంది.

దుమ్మూ ఇసుకా ముందు పొడిగా తీయండి. వాక్యూమ్ క్లీనర్ అయితే తిరిగే బ్రష్షు ఆపి వాడండి, గీతలు పడతాయి. తరవాత చెక్క నేలల కోసమే అమ్మే ద్రవాన్ని మైక్రోఫైబర్ గుడ్డ మీద కొద్దిగా చల్లి, పలక పొడవునా తుడవండి. ద్రవం గుడ్డ మీద పడాలి, నేల మీద కాదు. తుడిచిన చోటు ఒకటి రెండు నిమిషాల్లో ఆరకపోతే గుడ్డ తడి ఎక్కువైందని అర్థం. ఇంకోసారి పిండండి. ఫినాయిల్ వద్దు, అమ్మోనియా ఉన్నవి వద్దు. వెనిగర్ మంచిదని ఎవరో ఒకరు చెబుతారు, వినకండి. ఆమ్లం తగిలి తగిలి మెరుపు పోతుంది. ఆవిరితో తుడిచే యంత్రం అసలే వద్దు. ఆవిరి నీళ్లు కాదని ఎవరు చెప్పారు? బ్లీచినీ అమ్మోనియానీ మాత్రం ఏ నేల మీదా, ఏ గదిలోనూ కలపకండి. విషవాయువు వస్తుంది.

పూత అరిగిందో లేదో తెలియకపోతే ఒక మూల రెండు చుక్కల నీళ్లు వేసి చూడండి. ముత్యాల్లా నిలిస్తే పూత ఉంది. ఇంకి మచ్చ నల్లబడితే పోయింది. అప్పుడు తడిగుడ్డ కూడా పెట్టకుండా యజమానికి చెప్పండి. పాత ఇళ్లలో మైనం పట్టించిన నేలలూ ఉంటాయి. వాటి పద్ధతే వేరు, అడిగి తెలుసుకోండి.

పూజల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. తడిపిండి ముగ్గు నేల మీద వేయకండి, పీట మీదో పళ్లెంలోనో వేసుకోండి. కలశం కింద పళ్లెం పెట్టండి. తులసి కుండీ కింద లోతైన పళ్లెం పెట్టి, దాన్ని కూడా నేలకు ఆనకుండా ఎత్తు మీద ఉంచండి. కుండీ కింద నెల్లాళ్లు దాగిన చెమ్మ వదిలే నల్ల మచ్చ ఎంత తుడిచినా పోదు.

సరే, ఇంత కోప్పడ్డాక ఇదీ చెప్పాలి. గ్లాసు నీళ్లు ఒలికినంత మాత్రాన కొంప మునగదు, వెంటనే తుడిస్తే చాలు. చలికాలంలో వేడి గాలికి పలకల మధ్య సన్నని సందులు కనిపిస్తే భయపడకండి, గాలిలో తేమ పెరిగాక చాలావరకు మూసుకుంటాయి. ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే కర్రకు హాయి. అంచులు లేచినా, తొందరపడి వాటిని అరగదీసేలా సానపట్టించవద్దు. అడుగు తడి ఆరాక చాలా పలకలు వాటంతట అవే సర్దుకుంటాయి. తడి ఉండగా సానపడితే ఆరాక మధ్యలో గుబ్బలా లేస్తాయి.

పిన్ని వాళ్ల అమ్మాయి రెండు రోజులు ఫ్యాను నేలకు తిప్పి ఉంచింది. నిన్న ఫోను నేలకు ఆనించి, పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి చూపించింది. వంటగది గుమ్మం దగ్గర రెండు పలకల అంచులు ఇంకా కొంచెం ఎత్తుగా ఉన్నాయి. మిగతావి చదునయ్యాయి. బకెట్టు స్నానాలగదిలో పెట్టేశానంది.