కంట్రోల్ వాల్వ్ ఆర్డర్‌కు ముందు జాగ్రత్తలు

ప్లాంట్ షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ఆపడం) దగ్గరపడుతోంది. వాల్వ్ డేటాషీట్ మీద సంతకం పెట్టేముందు ఇవి చూసుకోండి.

• పైపు సైజు చూసి వాల్వ్ సైజు రాయకండి. అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. కనీస, సాధారణ, గరిష్ఠ ఫ్లోలు మూడింటికీ సీవీ (వాల్వ్ ఎంత ఫ్లోను పంపగలదో చెప్పే అంకె) లెక్కకట్టండి. సాధారణ ఫ్లో దగ్గర వాల్వ్ 60–80 శాతం తెరుచుకుంటే మంచిది. ప్రాసెస్ వాళ్లు కొంత, డిజైన్ వాళ్లు కొంత మార్జిన్ కలుపుతూ పోతే వాల్వ్ మరీ పెద్దదైపోతుంది. ఇక 10 శాతం లోపే తెరుచుకుంటూ మూసుకుంటూ ఊగిసలాడుతుంది, సీటు, ప్లగ్ తొందరగా అరిగిపోతాయి.

• ద్రవమైతే, పనిచేసే ఉష్ణోగ్రత దగ్గర ఆవిరి పీడనం ఎంతో అడగండి. వాల్వ్ లోపలి ఇరుకులో పీడనం దానికంటే తగ్గితే బుడగలు పుడతాయి. దాటాక పీడనం మళ్లీ పెరిగితే అవి పగిలి లోహాన్ని కొరికేస్తాయి, అది కేవిటేషన్. ఆవిరి పీడనానికి దిగువనే ఉండిపోతే ఫ్లాషింగ్. కేవిటేషన్‌కు ప్రత్యేక ట్రిమ్‌లు (సీటు, ప్లగ్ వంటి లోపలి భాగాలు) ఉన్నాయి. ఫ్లాషింగ్‌ను ఏ ట్రిమ్మూ ఆపలేదు, అరుగుదలను తట్టుకునే మెటీరియల్ పెట్టాల్సిందే.

• వాల్వ్‌ను నడిపే గాలి సరఫరా ఆగితే అది ఎటు పోవాలి, తెరుచుకోవాలా, మూసుకోవాలా? ఇంధన గ్యాస్‌కు మూసుకోవాలి, కూలింగ్ వాటర్‌కు సాధారణంగా తెరుచుకోవాలి. ఇది వెండర్‌కు వదిలేయకండి, ప్రాసెస్ వాళ్లతో రాతపూర్వకంగా తీసుకోండి.

• యాక్చుయేటర్‌ను (వాల్వ్‌ను కదిలించే పరికరం) షటాఫ్ పీడనానికి, అంటే వాల్వ్ మూసినప్పుడు దానిమీద పడే గరిష్ఠ పీడనానికి, లెక్కించారో లేదో చూడండి. మామూలు పీడన తేడాకే లెక్కిస్తే, పంపు పూర్తి ఒత్తిడి మీదపడినప్పుడు వాల్వ్ గట్టిగా మూసుకోదు.

• ఉష్ణోగ్రత సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దాటితే టెఫ్లాన్ ప్యాకింగ్ (వాల్వ్ కాడ చుట్టూ లీకు ఆపే సీలు) వద్దు, గ్రాఫైట్ పెట్టండి. గ్రాఫైట్ రాపిడి ఎక్కువ, ఆ బలం కూడా యాక్చుయేటర్ లెక్కలో కలపాలి.