ఆటిజం అనుమానం వచ్చినప్పుడు: నిర్ధారణకు తల్లిదండ్రులు ఎలా సిద్ధం కావాలి

రెండేళ్లు దాటినా మాట రాని పిల్లవాడి గురించి మన సీమ ఇళ్లలో పెద్దలు మొదట అనే మాట, "వాళ్ల నాయనకూ మూడేళ్లకే వచ్చినాయి, వీనికీ వస్తాయిలే" అన్నది. అది ప్రేమతో అన్న మాటే, కొందరు పిల్లల విషయంలో నిజమూ అవుతుంది. అయితే ఇతరులతో కలిసే తీరులో, మాటలో, ప్రవర్తనలో తేడా కనిపించే ఎదుగుదల స్థితి అయిన ఆటిజం విషయంలో డాక్టరు చూసేది మాట వచ్చిందా లేదా అన్నది ఒక్కటే కాదు. అలమర మీదున్న బొరుగుల డబ్బా కావాలనుకున్న బిడ్డ అమ్మ చేతిని పట్టుకుపోయి డబ్బా వైపు తోసి, ఆమె ముఖం వైపు ఒక్కసారీ చూడకపోవడం వేరు. డబ్బాను వేలితో చూపించి, వెంటనే అమ్మ ముఖంలోకి చూసి, మళ్లీ డబ్బాను చూడడం వేరు. ఆకాశంలో పోయే విమానాన్ని, వీధిలో ఎద్దుల బండిని తనకేమీ అక్కర లేకపోయినా కేవలం మనకు చూపించడానికి వేలు చాపడం పద్దెనిమిది నెలలకల్లా కనిపించాలి. అది కనిపించకపోయినా, ఏడాది నిండినా పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగి చూడకుండా పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని ఇంతవరకు లేదు. మూర్ఛలాంటి లక్షణాలుంటే మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే ఈఈజీ, కారణం వెతకడానికి జన్యుపరీక్ష రాయవచ్చు గాని, నిర్ధారణ మాత్రం బిడ్డను చూసి, తల్లిదండ్రులు చెప్పింది విని చేసేదే. మానసిక, ఎదుగుదల సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే, 2013లో వచ్చిన అమెరికా కైపుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం ఇతరులతో కలిసే తీరులోనూ సంభాషణలోనూ ఇబ్బందులు ఉండాలి. వాటితో పాటు చేసిందే చేయడం, మార్పును భరించలేకపోవడం, ఒకే విషయం మీద విపరీతమైన ఆసక్తి, శబ్దం, వెలుతురు, స్పర్శల విషయంలో అసాధారణ స్పందన అనే నాలుగింటిలో కనీసం రెండైనా ఉండాలి. ఇవన్నీ చిన్నతనం నుంచే ఉండి, రోజువారీ బతుకును ఇబ్బంది పెడుతూ ఉండాలి. కొత్త గదిలో కొద్దిసేపు చూసే డాక్టరుకు ఇవన్నీ కనిపించవు. అందుకే ఇంటి నుంచి మీరు తీసుకెళ్లే సమాచారం ఏ పరీక్షకూ తీసిపోదు.

ఒక నోటుపుస్తకం పెట్టి, ఒకటి రెండు వారాలు రాయండి. "మొండివాడు", "ఎవరితోనూ కలవడు" అనే తీర్పులు కాకుండా కంటికి కనిపించింది రాయాలి. "సాయంత్రం బొమ్మకారును తిరగేసి చక్రాన్ని అరగంట తిప్పాడు, పక్కన కూర్చున్న అక్కను చూడలేదు", "కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకుని ఏడ్చాడు", "తెల్ల అన్నం తప్ప ఉగ్గాని, ఇడ్లీ ఏదీ నోట పెట్టడు" అన్న వాక్యాలు డాక్టరుకు ఎంతో చెబుతాయి. పిలుపును చూడాలంటే టీవీ, ఫోను ఆపి, వెనుక నుంచి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచి, ఎన్నిసార్లకు తిరిగాడో రాసుకోండి. ఫోనులో పాట పెట్టి పిలిస్తే తిరిగింది పాటకా పేరుకా తెలియదు. బిడ్డ తనంతట తాను ఆడుకుంటున్నప్పుడు, మరో పిల్లవాడు పక్కన ఉన్నప్పుడు రెండు మూడు నిమిషాల వీడియోలు తీయండి. మొదటి పుట్టినరోజు నాటి వీడియో ఉంటే అదీ ఉంచుకోండి. అప్పుడున్న చూపు, మాట తర్వాత పోయాయా అన్నది అందులో తేలుతుంది. బిడ్డ బాగా చేసేవీ రాయడం మరువకండి.

పదహారు నుంచి ముప్పై నెలల పిల్లలకు ఎం-చాట్-ఆర్ అనే ఇరవై ప్రశ్నల పత్రం ఉంది. మార్కులు మూడు నుంచి ఏడు వస్తే మరికొన్ని ప్రశ్నలతో మళ్లీ సరిచూస్తారు, ఎనిమిది అంతకు మించి వస్తే నేరుగా పూర్తి పరీక్షకు పంపుతారు. ఇది జల్లెడ మాత్రమే, నిర్ధారణ కాదు. ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లలందరికీ ఆటిజం ఉండదు.

అన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. తలుపు చప్పుడుకు తిరుగుతున్నాడు కదా అని దాన్ని వదిలేయకూడదు. కొన్ని శబ్దాలు మాత్రమే వినిపించే చెవుడు ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి, శబ్దానికి చెవి నరం, మెదడు స్పందించే తీరును కొలిచే బెరా పరీక్ష చేస్తారు. కర్నూలు పెద్దాసుపత్రిలో గాని, కడప రిమ్స్‌లో గాని, అనంతపురం సర్వజన వైద్యశాలలో గాని పిల్లల విభాగంలో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటు చేసే సత్వర చికిత్స కేంద్రం, అంటే డీఈఐసీ, ఇలాంటి పిల్లల కోసమే. మీ ఊరి ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో అడిగితే దారి చెబుతారు. ఇక్కడ తేలనప్పుడు అనంతపురం వాళ్లకు బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్, కర్నూలు వాళ్లకు మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ, సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ, కడప వాళ్లకు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి అందుబాటులో ఉంటాయి.

బిడ్డను రోజూ చూసుకునే జేజి గాని అవ్వ గాని ఉంటే ఆమెనూ వెంట తీసుకెళ్లండి. తల్లి చెప్పడానికి జంకే విషయాలు ఆమె చెప్పవచ్చు. మన దేశంలో ఆటిజం వైకల్య ధ్రువీకరణకు వాడే ఐఎస్‌ఏఏ కొలమానంలో నలభై అంశాలుంటాయి, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 70 నుంచి 106 వస్తే స్వల్పం, 107 నుంచి 153 అయితే మధ్యస్థం, ఆపైన తీవ్రం. బిడ్డను బాగా చూపించుకోవాలన్న ఆరాటంలో దాచడమూ, సర్టిఫికెట్టు కోసం పెంచి చెప్పడమూ రెండూ బిడ్డకు హాని చేసేవే. ఐదు నిమిషాల్లో చూసి "ఆటిజమే" అనేసిన చోట గాని, "ఏమీ లేదు, పో" అన్న చోట గాని ఆగిపోకుండా మరొకరికి చూపించండి.

కారణం గురించి పరిశోధన చెప్పేది తెలుసుకుంటే ఇంట్లో చాలా నిందలు ఆగుతాయి. ఐదు దేశాల్లో ఇరవై లక్షల మంది పిల్లలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిల్లల మధ్య ఆటిజం విషయంలో కనిపించే తేడాల్లో దాదాపు 80 శాతానికి వారసత్వంగా వచ్చే జన్యువులే ఆధారం. తల్లి పెంపకం వల్ల వస్తుందన్న సిద్ధాంతాన్ని వైద్యం ఏనాడో వదిలేసింది. టీకా వల్ల వస్తుందని 1998లో పన్నెండు మంది పిల్లలతో రాసిన వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కు తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలపై 2019లో వచ్చిన అధ్యయనంలో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి సంబంధం కనిపించలేదు. కాబట్టి మిగిలిన టీకాలు ఆపవద్దు. ఫోను, టీవీ ఎక్కువగా చూడడం వల్ల వస్తుందని కొందరు చెప్పే "వర్చువల్ ఆటిజం" అన్నది అధికారిక వైద్య వర్గీకరణలో లేదు. ఫోను తగ్గించడం ఏ బిడ్డకైనా మంచిదే గాని, తగ్గించి చూద్దామని నెలలు గడపడం తగదు.

కర్నూలులో తెలుగూ ఉర్దూ, రాయదుర్గం, మడకశిర వైపు తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఇళ్లెన్నో ఉన్నాయి. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందన్న భయానికి పరిశోధనలో ఆధారం దొరకలేదు. ఇంగ్లిషులోనే మాట్లాడమని ఎవరైనా చెబితే, తల్లికి మనసారా వచ్చే భాషను బిడ్డకు దూరం చేయవద్దని గట్టిగా చెబుతాను.

నిర్ధారణ అయ్యాక స్టెమ్ సెల్ చికిత్స పేరుతో లక్షలు అడిగేవాళ్లు తగులుతారు. జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022లోనే ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయలేమని తేల్చింది. పొలం అమ్మి ఆ దారి పట్టకండి. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ సాధారణ ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు బిడ్డతో స్పందిస్తూ ఆడే పద్ధతి నేర్పిన ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. తల్లిదండ్రులు బిడ్డకు స్పందించే తీరు మెరుగైంది, పిల్లలు తామే పలకరించడం పెరిగింది. నెలకొకసారి దూరపు నగరానికి పోలేని కుటుంబానికి ఇది పనికొచ్చే విషయం. థెరపిస్టును "ఇంట్లో మేమేం చేయాలో చేసి చూపించండి" అని అడగండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని ఇరవై ఒక్క వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో స్లాటు కోసం సచివాలయంలో అడగండి, కాగితాలన్నీ ఒకే ఫైలులో ఉంచండి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఆ బిడ్డ మీదా కన్నేసి ఉంచాలి: అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి అది రావచ్చని అధ్యయనాలు చెబుతున్నాయి కాబట్టి, ఆ సంగతిని టీకాలకు వెళ్లినప్పుడే డాక్టరుకు చెప్పి, తొమ్మిదో నెల నుంచే ఎదుగుదలను చూపించుకోండి.