మిలటరీ నుంచి వచ్చిన మనిషి ముభావంగా మారితే ఇంట్లోవాళ్లు చేయాల్సింది

మోకాలి నొప్పి అయితే మాజీ సైనికుడు తనంతట తానే ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌కి వెళ్తాడు. మనసు బాగోలేదని మాత్రం వెళ్లడు. అందుకే మాట నిద్రతో మొదలుపెట్టండి. "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది?" అంటే జవాబు వస్తుంది. మూడింటికే లేచి అరుగు మీద కూర్చోవడం, తాగుడు పెరగడం, డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ ఆర్డరు), బ్యాంకు కాగితాలు ఒక్క సంచిలో సర్ది భార్యకి అప్పజెప్పడం కనిపిస్తే చావు ఆలోచన ఉందేమోనని అనుమానించండి, ఆలస్యం చేయొద్దు.

పక్కన ఎవరూ లేనప్పుడు సూటిగా అడగండి: "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒట్లు వేయించుకోవద్దు, తిట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆ రోజే ఇంట్లోంచి ప్రాణం తీసే వస్తువులు తీసేయాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. చావాలన్న ఉధృతి చాలాసార్లు కాసేపటికే దిగుతుంది, ఆ కాసేపు చేతికి ఏదీ అందకూడదు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు గొడ్లచావిట్లోనే ఉంటాయి. తాళం వేస్తే చాలదు, తాళంచెవి ఎక్కడుంటుందో ఆయనకి తెలుసు. వేరే ఇంటికి తరలించండి. గార్డు ఉద్యోగం కోసం తీసుకున్న లైసెన్సు తుపాకీ ఉంటే పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయించి రసీదు తీసుకోండి.

తర్వాత ఈసీహెచ్ఎస్ కార్డు, పాత మందుచీటీలతో విజయవాడ లేదా గుంటూరు పాలీక్లినిక్‌కి మీరూ వెంట వెళ్లండి. ఎక్కువగా బెడిసేది ఇక్కడే: ఆయన "నిద్ర పట్టట్లేదు" అని ఆగిపోతాడు, నిద్రమాత్రలతో తిరిగొస్తారు. చావు మాట మీరే చెప్పి, మానసిక వైద్యుడికి రిఫరల్ అడగండి. ప్రాణం మీదికొస్తే రిఫరల్ కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది ఈసీహెచ్ఎస్ జాబితాలో లేకపోతే 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కి తెలియజేయండి. కార్డు లేకపోయినా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మానసిక విభాగం ఓపీ ఉంది. కేసవుతుందని దాచొద్దు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష ఉండదు.

డిప్రెషన్ మందులు పట్టడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. "వాడినా గుణం లేదు" అని పదో రోజే మానేస్తారు, లేదా తేలికపడగానే ఆపేస్తారు. డాక్టరు చెప్పేదాకా ఆపనివ్వొద్దు. స్ట్రిప్పులు మీ దగ్గరే ఉంచుకుని వారానికి సరిపడా మాత్రమే చేతికివ్వండి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాలు మరీ ప్రమాదం. ఆ రోజుల్లో రాత్రిపూట ఎవరో ఒకరు అదే గదిలో పడుకోండి.